చెయ్యి మీద వేసిన టీబీ సూది నాకు ఉబ్బింది, తమ్ముడికి ఉబ్బలేదు. టీ సెల్స్ వల్ల అన్నారు, ఎవరైనా వివరంగా చెప్పగలరా?

నరసన్నపేట_అమ్మాయి
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నకి ఊపిరితిత్తుల టీబీ అని కళ్లె పరీక్షలో తేలింది. ప్రభుత్వ మందులు మొదలుపెట్టారు, దగ్గు బాగా తగ్గింది. ఇంట్లో మిగతావాళ్లకీ చూడాలని ముంజేతి మీద చిన్న సూది వేసి మూడో రోజు రమ్మన్నారు. అమ్మకీ నాకూ సూది వేసిన చోట ఉబ్బి గట్టిగా తగులుతోంది. నాకు 14 మిల్లీమీటర్లు అని రాశారు. తమ్ముడికి దోమ కుట్టినంత కూడా లేదు.

"నీ టీ సెల్స్‌కి టీబీ సంగతి తెలుసమ్మా, అందుకే ఉబ్బింది" అన్నారు అక్కడి మేడమ్. వెనక లైను చాంతాడంత ఉంది, ఇంకేం అడగలేకపోయాను. నేను చదివింది బీకాం. నాకు టీబీ వచ్చేసినట్టేనా? తమ్ముడికి ఇమ్యూనిటీ ఎక్కువ, నాకు తక్కువ అనుకోవాలా?

గజపతినగరం_రాజు
ఆదివారం, రాత్రి 9:52

ఉబ్బిందంటే పాజిటివ్. పాజిటివ్ అంటే టీబీ. ఇందులో అడగడానికి ఏటుంది? నాన్నగారి మందులే మీరూ మొదలెట్టండి.

ల్యాబ్_బాబాయి (విజయనగరం)
ఆదివారం, రాత్రి 10:15

రాజూ, కాస్త ఆగు. అమ్మా, నాన్న మందులు మాత్రం ముట్టుకోకు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను, ఈ సూదులు వేసీ కొలిచీ చేతులు అరిగిపోయాయి. దీన్ని మాంటూ పరీక్ష అంటారు. 0.1 మిల్లీలీటరు ట్యూబర్‌క్యులిన్‌ని కండలోకి పోనివ్వకుండా చర్మం పొరలోనే ఎక్కిస్తారు. సరిగ్గా వేస్తే అక్కడికక్కడే తెల్లటి చిన్న బుడిపె లేచి కాసేపటికి అణిగిపోతుంది. అందులో బతికున్న క్రిమి ఉండదు, క్రిమి నుంచి తీసిన ప్రోటీన్లే ఉంటాయి. 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. ఎరుపుని లెక్కలోకి తీసుకోకూడదు, గట్టిపడిన మేర మాత్రమే కొలవాలి. నేనైతే బాల్‌పెన్నుతో పక్కనుంచి మెల్లగా గీత గీసుకుంటూ వస్తాను. గట్టి అంచు తగలగానే పెన్ను ఆగుతుంది. అవతలి పక్కనుంచి మళ్లీ అలాగే. ఆ రెండు చుక్కల మధ్య దూరం చేతికి అడ్డంగా స్కేలుతో కొలవాలి. మామూలు మనిషికి 10 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్ అంటాం. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి 5 చాలు.

పాజిటివ్ అంటే నీ ఒంటికి టీబీ క్రిమితో ఎప్పుడో పరిచయం అయి ఉంటుందని అర్థం. జబ్బు ఉందో లేదో ఈ ఉబ్బు చెప్పదు. దానికి ఎక్స్‌రే తీయాలి, కళ్లె పడితే అదీ చూడాలి. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఏమన్నా ఉన్నాయా?

ఇంకో మాట. పెన్సిలిన్ పడకపోతే నిమిషాల్లో దద్దురు లేస్తుంది. అది యాంటీబాడీలు అనే రక్తంలోని ప్రోటీన్ల వల్ల. ఈ ఉబ్బుకి రెండు రోజులు పడుతుంది, ఎందుకంటే టీ సెల్స్ అనే తెల్ల రక్తకణాలు రక్తంలోంచి ఆ చోటికి చేరి, గుర్తుపట్టి, మిగతా సెల్స్‌ని పిలవాలి. నీ చేతి మీద గట్టిగా తగులుతున్నది అలా వచ్చి చేరిన తెల్ల రక్తకణాలే.

నరసన్నపేట_అమ్మాయి
ఆదివారం, రాత్రి 10:31

థాంక్స్ బాబాయి గారూ. దగ్గు, జ్వరం ఏమీ లేవు. ఎక్స్‌రేకి బుధవారం రమ్మన్నారు. అయితే ఈ టీ సెల్స్ ముందు నుంచీ మనలో ఉంటాయా, క్రిమి వచ్చాక పుడతాయా?

బొబ్బిలి_జువాలజీ
సోమవారం, ఉదయం 6:20

జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకి చెప్తుంటాను, నీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను తల్లీ. పుస్తకాల్లో దీన్ని కోటలు, సైనికులు అని యుద్ధంలా చెప్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు, అసలు విషయం అందులో కొట్టుకుపోతుంది.

టీ సెల్స్ పుట్టేది ఎముక మజ్జలో. తయారయ్యేది మాత్రం రొమ్ము ఎముక వెనక, గుండెకి పైన ఉండే థైమస్ గ్రంథిలో. 1960 దాకా ఆ గ్రంథికి పెద్ద పనేమీ లేదనే చాలామంది అనుకున్నారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే ఆయన అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి థైమస్ తీసేసి చూశాడు. వాటిలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు (టీ సెల్స్ ఈ రకమే) పడిపోయాయి, ఇన్‌ఫెక్షన్లు ముసురుకున్నాయి, ఇంకో జాతి ఎలుక చర్మం అతికిస్తే ఆ ఒళ్లు వద్దనలేదు.

ఒక్కో టీ సెల్ మీద ఒకే రకం రిసెప్టర్, అంటే గుర్తుపట్టే కొక్కెం లాంటిది, వేల సంఖ్యలో ఉంటుంది. కొన్ని జన్యు ముక్కలు ఒక్కో సెల్‌లో ఒక్కో రకంగా కలవడం వల్ల అది తయారవుతుంది. ఏ సెల్‌కి ఏ రిసెప్టర్ వస్తుందో ఎవరూ ముందే రాసిపెట్టలేదు. అంటే టీబీ క్రిమిని ఎప్పుడూ చూడని పసిపిల్లలో కూడా దాని ప్రోటీన్‌కి అతికే టీ సెల్స్ కొద్దిగా ఉంటాయి. నీ ప్రశ్నకి జవాబు ఇదే. ముందు నుంచీ ఉంటాయి, కానీ చాలా తక్కువ. క్రిమి వచ్చాక సంఖ్య పెరుగుతుంది.

ఇలా గుడ్డిగా తయారైనప్పుడు కొన్ని మన సొంత ప్రోటీన్లకే గట్టిగా అతుక్కుంటాయి. వాటిని బయటికి వదిలితే మన ఒంటినే తింటాయి కాబట్టి అక్కడే చంపేస్తుంది థైమస్. అసలు దేనికీ స్పందించని సెల్స్ కూడా అక్కడే చస్తాయి. నూటికి 95కి పైగా బయటి ముఖం చూడవు.

పలాస_పిక్క
సోమవారం, ఉదయం 7:05

మాస్టారూ, మా జీడిపిక్కల గ్రేడింగులాగ అన్నమాట. మా ఊళ్లో ఆడవాళ్లు బల్ల ముందు కూచుని గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు అని చేత్తో ఏరేస్తారు.

బొబ్బిలి_జువాలజీ
సోమవారం, ఉదయం 7:18

బావుంది బాబూ, కానీ ముక్క కూడా ఉప్మాలోకి పోతుంది, దానికీ ఓ ధర ఉంది. థైమస్‌లో రెండో రకం లేదు.

కాలేజీకి టైమవుతోంది, ఇంకొక్కటి చెప్పి పోతాను. టీ సెల్ క్రిమిని నేరుగా చూడలేదు. యాంటీబాడీ రక్తంలో తిరిగే క్రిమికి నేరుగా అంటుకోగలదు, టీ సెల్‌కి అది చేతకాదు. వేరే సెల్ ఏదో ఆ క్రిమి ప్రోటీన్‌ని ముక్కలు చేసి, ఒక చిన్న ముక్కని హెచ్ఎల్ఏ అనే అణువు మీద పెట్టి, తన ఉపరితలం మీద చూపించాలి. అప్పుడే టీ సెల్ గుర్తుపడుతుంది. 1970ల్లో ఆస్ట్రేలియాలో డోహర్టీ, జింకర్‌నాగెల్ దీన్ని కనిపెట్టారు, 1996లో నోబెల్ వచ్చింది. పరీక్షలో పిల్లలు ఎక్కువగా తప్పు రాసేది ఇక్కడే.

దీనివల్ల లాభం ఏమిటంటే, సెల్ లోపల దాక్కున్న క్రిమిని యాంటీబాడీ పట్టుకోలేదు, టీ సెల్ పట్టుకోగలదు. వైరస్ దూరిన సెల్ దాని ముక్కల్ని బయట చూపిస్తుంది. సీడీ8 రకం, అంటే కిల్లర్ టీ సెల్, దానికి ఆనుకుని పెర్ఫోరిన్‌ని వదిలి పొరలో రంధ్రాలు చేస్తుంది, గ్రాంజైమ్‌లని లోపలికి పంపుతుంది. ఆ సెల్ తనంతట తాను చచ్చిపోతుంది, దాంతో వైరస్‌కి పెరిగే చోటు పోతుంది. సీడీ4 రకం హెల్పర్లు. వీళ్లు ఎక్కువగా చంపరు, చేయిస్తారు. బీ సెల్స్ చేత మంచి యాంటీబాడీలు తయారు చేయించేదీ వీళ్లే. టీబీలో వీళ్ల పని గురించి డాక్టర్లు ఎవరన్నా చెప్తే బాగుంటుంది.

పల్మో_పీజీ
సోమవారం, మధ్యాహ్నం 2:47

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, ముక్కలు ముక్కలుగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

టీబీ క్రిమి గాలితో ఊపిరితిత్తి చివరి గదుల్లోకి పోతే అక్కడ క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ అనే సెల్ దాన్ని మింగుతుంది. మామూలు బ్యాక్టీరియా అయితే లోపల జీర్ణమైపోతుంది. టీబీ క్రిమి మాత్రం తను ఉన్న సంచి జీర్ణరసాల సంచితో కలవకుండా అడ్డుకుని, మింగిన సెల్‌లోనే పెరుగుతుంది. ఇంతలో డెండ్రిటిక్ సెల్స్ ఆ ప్రోటీన్ ముక్కల్ని దగ్గరలోని లింఫ్ గ్రంథికి చేరుస్తాయి. అక్కడ వేల రకాల టీ సెల్స్ వస్తూ పోతూ ఉంటాయి. సరిపోయే రిసెప్టర్ ఉన్న సీడీ4 సెల్ తగిలిందంటే, అది ఉన్న చోటే విభజన మొదలుపెట్టి కొద్ది రోజుల్లో వేల సంఖ్యలోకి పెరుగుతుంది. రిసెప్టర్ కలిసినంత మాత్రాన సరిపోదు, పక్కనుంచి ఇంకో సంకేతం కూడా అందాలి. ఒక్క సంకేతంతోనే పని మొదలైతే తిన్న ప్రతి అన్నం మెతుక్కీ ఒళ్లు వాచేది.

పెరిగిన సెల్స్ ఊపిరితిత్తికి తిరిగొచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదులుతాయి. అది తగిలితే అప్పటిదాకా చేతులెత్తేసిన మాక్రోఫేజ్‌కి లోపలి క్రిమిని నలిపే శక్తి వస్తుంది. పూర్తిగా చావని క్రిముల చుట్టూ సెల్స్ గుమికూడి గ్రాన్యులోమా అనే గట్టి కణితిలా కడతాయి. చాలామందిలో క్రిమి జీవితాంతం అందులోనే ఉండిపోతుంది. క్రిమి ఒంట్లో ఉన్న ప్రతి 100 మందిలో 5 నుంచి 10 మందికే జీవితకాలంలో జబ్బు పడుతుంది. అందులోనూ మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతుకి ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కాబట్టి నరసన్నపేట చెల్లీ, మీ చేతి ఉబ్బు బలహీనత కాదు. మీ టీ సెల్స్ క్రిమిని గుర్తుపట్టి పని చేస్తున్నాయి. మీ తమ్ముడు నాన్నతో ఒకే ఇంట్లో ఉంటాడా?

నరసన్నపేట_అమ్మాయి
సోమవారం, సాయంత్రం 6:10

లేదండీ. వాడు వైజాగ్‌లో హాస్టల్లో ఉంటాడు. నాన్నకి రిపోర్టు వచ్చాకే ఇంటికొచ్చాడు, పది రోజులవుతోంది.

పల్మో_పీజీ
సోమవారం, రాత్రి 8:33

అదీ సంగతి. క్రిమి ఒంట్లోకి వెళ్లాక ఈ పరీక్ష ఉబ్బడానికి 2 నుంచి 8 వారాలు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నేను పైన రాసిన తతంగం అంతా జరగాలి కదా. టీబీ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, లింఫ్ గ్రంథికి కబురు అందడమే ఆలస్యమవుతుంది. తమ్ముడికి క్రిమి అసలు సోకకపోయి ఉండొచ్చు, సోకినా టీ సెల్స్ ఇంకా తయారై ఉండకపోవచ్చు. ఇప్పుడొచ్చిన నెగటివ్ చూసుకుని నిశ్చింతగా కూర్చోవద్దు. 8 వారాల తర్వాత మళ్లీ చూపించండి. ఈలోగా దగ్గు వస్తే ఆగకుండా తీసుకెళ్లండి.

గజపతినగరం_రాజు
సోమవారం, రాత్రి 9:01

అయితే ఒక్క మాట డాక్టరుగారూ. టీ సెల్స్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది కదా. మా ఇంట్లో కోవిడ్ నుంచీ రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం. ఈ అమ్మాయి కూడా మొదలెడితే మందులే అక్కర్లేదు.

పలాస_పిక్క
సోమవారం, రాత్రి 9:40

రాజు అన్నా, టీ సెల్స్ గట్టిగా ఉంటే మంచిదేనా అని మా ఇంట్లో అడుగు.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు మా పక్క ఇంటింటి గొడవ అని అందరికీ తెలిసిందే. మా అన్నయ్యకి డయాలసిస్ అయ్యాక మా అమ్మ కిడ్నీ ఇచ్చింది, వైజాగ్‌లో మార్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత బతుకంతా ఒకటే టెన్షన్, ఆయన సొంత టీ సెల్స్ అమ్మ కిడ్నీని పరాయిది అనుకుని పాడుచెయ్యకూడదని. దానికి టీ సెల్స్‌ని అణిచే టాక్రోలిమస్ అనే మందు పొద్దున్న, రాత్రి, గడియారం చూసి వేసుకోవాలి. ఉదయం బిళ్ల వేసుకోకముందే రక్తం తీసి లెవెల్ చూస్తారు. తగ్గితే కిడ్నీకి ముప్పు, పెరిగితే కూడా కిడ్నీకే ముప్పు. చేతులు వణుకుతాయి.

ఇక టీ సెల్స్‌ని అణిచేశాక మామూలు జలుబు కూడా మా ఇంట్లో పెద్ద వార్తే. పావురాల రెట్ట ఉన్న డాబా మీదికి అన్నయ్యని పోనివ్వం. ఆపరేషన్‌కి ముందు ఈ చేతి సూదే ఆయనకీ వేశారు, ఏమీ ఉబ్బలేదు. డాక్టరు మాత్రం ఆ నెగటివ్‌ని నమ్మకుండా ఎక్స్‌రే, స్కానింగ్ చూసుకున్నాకే ముందుకెళ్లారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

పల్మో_పీజీ
సోమవారం, రాత్రి 10:12

కిడ్నీ పాడైనవాళ్లలో టీ సెల్స్ మందగిస్తాయి, క్రిమి ఉన్నా చెయ్యి ఉబ్బకపోవచ్చు. అందుకే నమ్మలేదు. టాక్రోలిమస్ చేసే పని, టీ సెల్‌లో ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత పదార్థం తయారీని ఆపడం. అది లేకపోతే టీ సెల్ గుర్తుపట్టినా సంఖ్య పెంచుకోలేదు. ఈ మందు దొరికింది 1984లో జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలోని ఓ బ్యాక్టీరియా నుంచి.

రాజుగారూ, తిప్పతీగ గురించి. అది వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు, ఒంటి రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద పడ్డట్టు ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. ఈ అమ్మాయికి ఎక్స్‌రే బాగుంటే ఇచ్చే టీబీ నివారణ మందుకీ లివర్ మీద ప్రభావం ఉంటుంది. రెండూ కలపడం మంచిది కాదు.

బొబ్బిలి_జువాలజీ
మంగళవారం, ఉదయం 6:05

రాజూ, థైమస్ జల్లెడని తప్పించుకుని సొంత ఒంటి మీద పడే టీ సెల్స్ కొన్ని అందరిలోనూ ఉంటాయి. వాటిని అణిచి ఉంచే టీ సెల్స్ వేరే ఉన్నాయి, రెగ్యులేటరీ టీ సెల్స్ అంటారు. 1995లో జపాన్‌లో సకాగుచి వాటిని చూపించాడు. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ వాటికి కీలకమైన జన్యువుని కనుక్కున్నారు. ముగ్గురికీ కలిపి 2025లో వైద్య నోబెల్ వచ్చింది. ఆ జన్యువు చెడిన మగపిల్లలకి పసితనంలోనే షుగర్, విరేచనాలు, చర్మం వాపు. టీ సెల్స్ గట్టిగానే ఉంటాయి వాళ్లకి. అణిచేవే ఉండవు.

గజపతినగరం_రాజు
మంగళవారం, ఉదయం 8:30

మరి కషాయంలో ఏటీ లేదా? మా అమ్మమ్మ తొంభై ఏళ్లు బతికింది.

ల్యాబ్_బాబాయి (విజయనగరం)
మంగళవారం, ఉదయం 9:12

మీ అమ్మమ్మ చోడి అంబలి తాగింది, పొలంలో పని చేసింది. ఆ సంగతి చెప్పవేం?

తిండి గురించి మాత్రం ఒప్పుకుంటాను. ఒంట్లో మాంసకృత్తులు లేకపోతే టీ సెల్స్ పెరగవు. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకి నెల నెలా అదనంగా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చి చూశారు. రేషన్స్ అనే ఆ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ పడటం 39 శాతం తగ్గింది. కషాయం కన్నా గుడ్డు, పప్పు నయం. మీ నాన్నకి నెలకి 1000 రూపాయలు పోషణ కింద వస్తాయమ్మా, 2024 నవంబరులో 500 నుంచి పెంచారు. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారో లేదో చూసుకోండి.

సీడీ4 పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. హెచ్ఐవీ ఉన్నవాళ్ల రక్తంలో ఈ లెక్క చూసేవాళ్లం. మామూలుగా మైక్రోలీటరుకి 500 నుంచి 1500 దాకా ఉంటుంది. ఆ వైరస్ దూరేదే సీడీ4 సెల్స్‌లోకి. 200 కిందకి పడిందంటే టీబీ, నోట్లో పూత, ఫంగస్ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. మందులు సక్రమంగా వాడితే ఆ అంకె మళ్లీ పైకి పోవడం కూడా చూశాను. ఒక్క రకం సెల్ తగ్గితే మనిషి ఎలా అయిపోతాడో తెలుసుకోవడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

ఆమదాలవలస_ఆటో
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మా మావయ్యకి మోకాళ్ల నొప్పులు. వీధి చివర ఒకాయన వారానికో సూది వేస్తాడు, వెంటనే తగ్గిపోద్ది. ఈ మధ్య ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ కూడా వచ్చింది. దానికీ ఈ టీ సెల్స్‌కీ ఏమైనా లింకు ఉందా?

పల్మో_పీజీ
మంగళవారం, మధ్యాహ్నం 3:05

ఉంది. మీరు చెప్పినవి స్టెరాయిడ్ ఎక్కువైన లక్షణాల్లా ఉన్నాయి. అది టీ సెల్స్‌నీ అణిచేస్తుంది, గ్రాన్యులోమాలో పడుకున్న టీబీ లేవడానికి దారి ఇస్తుంది. షుగర్ ఉంటే టీబీ ముప్పు అసలే రెండు మూడు రెట్లు. మావయ్యని ఫిజీషియన్‌కి చూపించండి. సూది ఒక్కసారిగా మాన్పించకండి, అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మోడరేటర్
మంగళవారం, సాయంత్రం 5:00

రాజుగారి కషాయం అమ్మకం లింకు తొలగించాం. చర్చ కొనసాగించండి.

నరసన్నపేట_అమ్మాయి
గురువారం, రాత్రి 8:15

ఎక్స్‌రే క్లియర్. అమ్మది కూడా. జబ్బు లేదు, కానీ ముందు జాగ్రత్తగా వారానికి ఒకసారి మొత్తం 12 వారాలు వేసుకోమని మందు ఇచ్చారు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ అని రాసి ఉంది. టీ సెల్స్ పని చేస్తున్నాయి కదా, మరి మందు ఎందుకు?

పల్మో_పీజీ
గురువారం, రాత్రి 9:20

టీ సెల్స్ క్రిమిని కట్టడి చేస్తాయి, పూర్తిగా తుడిచేస్తాయన్న హామీ లేదు. పదేళ్ల తర్వాత షుగర్ రావొచ్చు, ఇంకేదో జబ్బుకి స్టెరాయిడ్ పడొచ్చు. ఇప్పుడే క్రిమి సంఖ్య తగ్గిస్తే ఆ ముప్పు చాలా తగ్గుతుంది. మీ నాన్న టీబీ మామూలు మందులకి లొంగే రకమే అని పరీక్షలో వచ్చి ఉంటుంది, అది చూసే ఈ కోర్సు ఇస్తారు.

వారంలో ఒక రోజు పెట్టుకుని అదే రోజు వేసుకోండి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు. ఆకలి పూర్తిగా చచ్చిపోయినా, వాంతులు పట్టుకున్నా, కళ్లు పచ్చబడినా తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే చూపించుకోండి. ఇంకోసారి ఈ చేతి సూది వేయించుకోవద్దు, మందు అయిపోయినా ఉబ్బుతూనే ఉంటుంది. జ్ఞాపకం ఉన్న టీ సెల్స్ ఏళ్ల తరబడి ఉంటాయి.

పలాస_పిక్క
గురువారం, రాత్రి 9:48

మేడమ్, మా వీధిలో ఒకరికి టీబీ తేలింది, అన్నయ్య వాళ్లింటికి వెళ్తుంటాడు. ఈ 12 వారాల కోర్సు ఆయనకీ ఇప్పించమంటారా?

పల్మో_పీజీ
గురువారం, రాత్రి 10:03

మీ అంతట మీరు మాత్రం వద్దు. రిఫాపెంటిన్ పడితే లివర్ టాక్రోలిమస్‌ని త్వరగా కరిగించేస్తుంది, లెవెల్ పడిపోయి కిడ్నీ తిరస్కరణకి గురి కావచ్చు. మార్చిన కిడ్నీ ఉన్నవాళ్లకి అవసరమైతే ఐసోనియాజిడ్ ఒక్కటే ఎక్కువ నెలలు ఇవ్వడం లాంటి వేరే పద్ధతులు ఉన్నాయి. కిడ్నీ డాక్టరే నిర్ణయించాలి. చివరి టాక్రో లెవెల్ రిపోర్టు పట్టుకెళ్లండి, ఆ ఇంటికి వెళ్లడం ఈలోగా ఆపించండి.

పలాస_పిక్క
గురువారం, రాత్రి 10:11

సోమవారం వైజాగ్ చెకప్ ఉంది. అడిగి ఇక్కడ రాస్తాను.